యారాడ ఘాట్‌లో వరహాలు పాట

సముద్రం పడని జాలరి గురించి ఎప్పుడైనా విన్నారా? యారాడలో ఒకాయన ఉన్నాడు. పేరు వరహాలు. తాతలనాటి నుంచీ తెప్పల మీద బతికిన ఇంట్లో పుట్టాడు కానీ, కెరటాలు దాటి తెప్ప కాస్త ఊగడం మొదలుపెట్టగానే ఈయన కడుపులోది పైకి వచ్చేసేది. మొదట దిష్టి అన్నారు. తరవాత అలవాటవుతుందన్నారు. చివరికి తండ్రికి ఓపిక పోయి, "ఈడు సేపలకి మేత ఎయ్యడానికే గానీ పట్టడానికి పనికిరాడ్రా" అని ఒడ్డున దింపేశాడు.

ఒడ్డున మిగిలినవాడు ఏం చేస్తాడు? డ్రైవింగ్ నేర్చుకున్నాడు. యారాడ సముద్రానికీ గాజువాక మార్కెట్టుకీ మధ్య కొండ అడ్డం ఉంది కనక, ఊరివాళ్లు పట్టిన చేపల్ని ఆ కొండ దాటించే పని ఆయనదైంది. విచిత్రం ఏమిటంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఎంత తిరిగినా ఆయనకి కడుపులో తిప్పదు. వెనక కూర్చున్న చేపలమ్మే ఆడవాళ్లకే తిప్పుతుంది. "సిన్నప్పుడు నువ్వు కక్కిందంతా ఇప్పుడు మా సేత కక్కిత్తన్నావు" అని వాళ్లు దెప్పుతుంటారు.

బండి పికప్. ముందు డ్రైవరు పక్కన ఒక సీటు. వెనక తొట్టిలో ఐసు పెట్టెలు, బుట్టలు, బుట్టల మధ్య ఆడవాళ్లు. ముందు సీటు మాత్రం అసిరమ్మది. అసిరమ్మ అంటే వరహాలు భార్య. ఒడ్డున నిలబడి పిలిస్తే నీళ్లలో ఉన్న తెప్ప వెనక్కి తిరిగే గొంతు ఆవిడది. బండి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిందంటే ఆవిడ పాట అందుకునేది. వరహాలుకి మాటలు గుర్తుండవు, రాగం అసలే రాదు. అయినా పక్కనే "ఊఁ..." అని ఒకే కూత పట్టుకుని కొండ దిగేదాకా వదిలేవాడు కాదు.

"నా పాటకి ఈగలాగ అడ్డమొత్తావేటి?" అనేది అసిరమ్మ. ఆపేస్తే మాత్రం, "ఏటి, నోరు పడిపోనాదా?" అనేది.

ఆ బండి మంచిచెడ్డలు కూడా ఆవిడే చూసుకునేది. దసరాకి అందరూ బండ్లు కడిగి, దండలు వేసి, నిమ్మకాయలు తొక్కిస్తారు కదా. అసిరమ్మ దానికి ముందురోజే బండిని ఆటోనగర్‌లో దొరబాబు అనే మెకానిక్కు షెడ్డుకి తోలించేది. పికప్ వెనక చక్రాలు రెంటికీ మధ్య, కింద, ఒక ఇనప బుర్ర వేలాడుతుంటుంది చూడండి. ఇంజను తిప్పే తిప్పుడిని చక్రాలకి పంచిపెట్టేది అదే. షెడ్డుల్లో దాన్ని హౌసింగ్ అంటారు. లోపల పళ్లచక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. ఆ నూనె ఈ బండికి ఏడాదికోసారైనా మార్చాలని దొరబాబు ఎప్పుడో చెప్పాడు. ఏడాదికోసారి అంటే అసిరమ్మ లెక్కలో దసరాకి. పాత నూనె దించి కొత్తది పోశాక, గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరి, ఆ ఇనప బుర్రకి పసుపు రాసి బొట్టు పెట్టేది.

"బొట్టు ముందర పెట్టాలక్కా" అని దొరబాబు నవ్వేవాడు.

"మొహానికి అందరూ పెడతారు. బరువు మొయ్యీది నడుం గదా" అనేది ఆవిడ, కింద నుంచే.

కిందటేడు వానాకాలంలో అసిరమ్మ పోయింది. ఉత్త జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రికి తన కాళ్లతో నడిచి వెళ్లింది, తిరిగి నడిచి రాలేదు. దసరా వచ్చేనాటికి ఇంటికి మైల. సంవత్సరీకం అయ్యేదాకా ఆ ఇంట్లో పండగలు లేవు. అందుకని వరహాలు బండి కడగలేదు, దండ వెయ్యలేదు, నిమ్మకాయ తొక్కించలేదు. హౌసింగ్ నూనె కూడా మార్చలేదు. మరిచిపోయి కాదు. పండగ లేదు కనక.

భార్య పోయాక వరహాలు ఎలా ఉన్నాడని ఎవరైనా అడిగితే ఊళ్లో వాళ్లకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఏడవలేదు. తాగుడికి పడతాడేమోనని చూశారు, పడలేదు. తెల్లారేసరికి బండి తీసేవాడు, వెనక్కి తిప్పి చక్రాలు కెరటాల్లో దిగేదాకా ఇసకలోకి దించేవాడు, తెప్పల దగ్గరే చేపలు ఎక్కించుకునేవాడు. పొద్దెక్కాక వచ్చేవాడు. పక్కింట్లో ఉండే చిట్టమ్మ, అంటే అసిరమ్మ అక్క, ఆయనకి వదిన, కంచంలో ఏది పెడితే అది తినేవాడు. ఒకరోజు ఉప్పు వెయ్యడం మరిచిపోయి పెట్టింది. తిన్నాడు. మర్నాడు బెంగపడి రెండుసార్లు వేసింది. అదీ తిన్నాడు. ఎవరేం అడిగినా "ఊఁ" అనేవాడు. అవునన్నా అదే, కాదన్నా అదే.

ఆ ఊఁ వల్లే మీసం కూడా పోయింది. కొండకి అవతల సింధియాలో క్షవరానికి కూర్చుంటే, మంగలి ఏదో ధ్యాసలో "మీసం కూడా తీసీమంటావా?" అని అడిగాడు. "ఊఁ" అన్నాడు. తీసేశాడు. మర్నాడు ఊరంతా అది సింహాచలం మొక్కు అనుకుని గౌరవంగా చూసింది. వరహాలు అద్దంలో చూసుకుని, చెయ్యి పెట్టి తడుముకుని, చొక్కా వేసుకుని బండి తీశాడు. ఆ చొక్కా తిరగేసి ఉంది. చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. మార్కెట్టులో రోజంతా కుట్లు బయటికి కనిపిస్తూనే తిరిగాడు.

ముందు సీటు ఖాళీగా ఉన్నా ఆడవాళ్లెవరూ అందులో కూర్చోలేదు. తూకం మిషను తడవకుండా ఉంటుందని అక్కడ పెట్టేవారు.

ఇలా ఉండగా, చలి వెనకపట్టిన రోజుల్లో ఒక పొద్దున బండి ఘాట్ ఎక్కుతుంటే, బుట్టల మధ్య కూర్చున్న గౌరీశ్వరి ఉలిక్కిపడింది. వాళ్లలో చిన్నది తనే, నోరు పెద్దది.

"సిట్టమ్మత్తా, ఇన్నావా? మావ పాడతన్నాడే!"

చిట్టమ్మ చెవి ఒగ్గింది. నిజమే. "ఊఁ..." అని ఒకే కూత. సన్నగా, ఆగకుండా.

"ఉష్" అంది చిట్టమ్మ. "గట్టిగా అనకు. మనం ఇన్నామని తెలిత్తే మానీత్తాడు."

ఆ కూత ఎవరిదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. హౌసింగ్‌లో నూనె చెడిపోయింది. లోపలి పళ్లచక్రాలు నూనె మీద కాకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుని తిరుగుతున్నాయి. కానీ ఐసు పెట్టెల దడదడలో, కొండగాలి హోరులో శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తేల్చడం కష్టం. పైగా వాళ్లంతా నెలల తరబడి ఆ గొంతు కోసమే చెవులు పెట్టుకుని ఉన్నారు. ఆయన పాడే పాట కూడా ఏనాడూ అంతకన్న భిన్నంగా లేదాయె! ఏ మలుపులో చక్రాలు బిగుసుకుపోతాయో తెలియని బండిలో కూర్చుని, ఆడవాళ్లు సంతోషంగా దాన్ని వింటూ కొండ ఎక్కి దిగుతున్నారు.

ఎక్కేటప్పుడు పాట వచ్చేది, దిగేటప్పుడు ఆగిపోయేది. దానికీ వాళ్ల దగ్గర కారణం ఉంది. ఎక్కేటప్పుడు అసిరమ్మని తలుచుకుంటున్నాడు, దిగేటప్పుడు ఊరు కనిపిస్తుంది కనక సిగ్గుపడుతున్నాడు. రోజురోజుకీ గొంతు పెరిగింది. మనసు కుదుటపడుతోందన్నారు. చిట్టమ్మ సింహాచలం అప్పన్నకి కొబ్బరికాయ మొక్కుకుంది. కొన్నాళ్లకి ఆ కూతలో గరగర చేరింది. చన్నీళ్ల స్నానాల వల్ల గొంతు పాడైందని చిట్టమ్మ రోజూ మిరియాల చారు పెట్టడం మొదలుపెట్టింది. వరహాలు కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆ చారు తాగాడు.

వరహాలుకి ఆ శబ్దం వినిపించలేదా అంటే, వినిపించింది. వినిపించినవాటిని పట్టించుకోవడం ఆయన మానేసి చాలాకాలమైంది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్యలో వేట ఆపేస్తారు. మళ్లీ రెండు నెలలదాకా బోట్లు వెళ్లవు. ఈలోగా పడ్డ చేపే ఇళ్లకి ఆధారం కనక, మార్చి వచ్చాక బండికి ఒక్కరోజు కూడా విశ్రాంతి ఉండదు. అలాంటి రోజుల్లో, చేపలన్నీ అమ్ముడయ్యాక, గాజువాకలో వెనక టైరుకి గాలి తగ్గింది. పంచరు వేయించడానికి ఆడవాళ్లతో సహా బండిని ఆటోనగర్‌కి తోలాడు వరహాలు.

దొరబాబు ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. పికప్ ఇంకా వీధి మొదట్లో ఉండగానే దొర్లుకుంటూ బయటికి వచ్చి నిలబడ్డాడు.

"ఆపకు బావా! అలాగే ముందుకెల్లు... ఇప్పుడు ఎనక్కి రా..." తల ఒక పక్కకి వంచి విన్నాడు. "ఎన్నాళ్లనించి ఏడుత్తన్నాది ఇది?"

"ఏటి?" అన్నాడు వరహాలు.

"అదే. ఈ ఊఁ అనీ కూత."

తొట్టిలో గౌరీశ్వరి ఫక్కున నవ్వింది. "అది బండి కాదు దొరబాబన్నా, మా మావ పాట!"

దొరబాబు కిటికీలోంచి వరహాలుని చూశాడు. మళ్లీ గౌరీశ్వరిని చూశాడు. "మీ మావ నోరు మూసుకునే ఉన్నాడు గదే."

నవ్వు ఆగిపోయింది. చిట్టమ్మ మెల్లగా లేచి, డ్రైవరు వెనక అద్దంలోంచి తొంగి చూసింది.

"మరిదీ, కొండెక్కినప్పుడల్లా పాడతన్నది నువ్వు కాదేటి?"

"నానెప్పుడు పాడినాను వదినా?"

"రోజూ... మరి రోజూ ఇనిపిత్తంటే..."

"నాను పాడలేదు."

ఎవరికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకావిడ ఖాళీ బుట్ట తీసి దులపసాగింది, అందులో దులపడానికి ఏమీ లేకపోయినా. గౌరీశ్వరే ముందు తేరుకుంది.

"అయితే మిరియాల సారంతా ఎవులికి పోసినట్టత్తా?"

"బండికి పొయ్యాల్సింది మీ మావకి పోసినారు" అన్నాడు దొరబాబు, రెంచి తీసుకుని బండి కిందకి దూరుతూ. హౌసింగ్ పక్కనున్న బిరడా విప్పి, వేలు లోపల పెట్టి, బయటికి తీసి అందరికీ చూపించాడు. "సూడండి. నల్లగా ఉంటే పాతదైనాదనుకుంటాం. ఇది పాలు ఎక్కువైపోయిన టీలాగున్నాది. ఉప్పునీళ్లు దిగిపోనాయి. ఎప్పుడు మార్చినాం బావా?"

"మొన్నటి దసరా కాదు. దాని ముందు దసరాకి."

"మరి మొన్న దసరాకి ఎందుకు రాలేదు?"

"మాకు పండగ లేదు గదా" అన్నాడు వరహాలు.

దొరబాబు నవ్వబోయి ఆగాడు. ఎదటి మొహంలో నవ్వడానికి ఏమీ దొరకలేదు.

"బావా, కంపెనీ పుస్తకంలో ఇన్నేసి కిలోమీటర్లకని రాత్తారు. అది మంచి రోడ్డు మీద తిరిగీ బండికి. నువ్వు బరువేసుకుని కొండెక్కుతావు. ఎనక్కి తిప్పి కెరటాల్లో దించుతావు. అందుకే నీకు ఏడాదన్నాను. హౌసింగ్ నీళ్లలో మునిగినాదంటే ఏడాదీ లేదు, గీడాదీ లేదు. ఆ రోజే బిరడా ఇప్పి సూసుకోవాల. తెల్లబడితే ఆ రోజే మార్చీయాల. ఇప్పుడు లోపల బేరింగు కూడా కూత పెట్టీసినాది. ఈ రోజు సేసుకుంటే పళ్లు మిగుల్తాయి. లేదంటే ఘాట్‌లో చక్రాలు బిగుసుకుపోతాయి. ఎనకాల ఆడోళ్లున్నారు."

"వచ్చే దసరాకి మార్పిత్తాను. పంచరెయ్యి" అన్నాడు వరహాలు.

"అప్పటిదాకా ఉండదు బావా!"

"అది పండక్కి సేసీ పని. ఈ యేడు మాకు లేదు." గొంతులో కోపం లేదు, పట్టుదల కూడా లేదు. తలుపు వేసి ఉంది, అంతే అన్నట్టు చెప్పాడు.

దొరబాబు చేతులెత్తి చిట్టమ్మ వైపు చూశాడు. చిట్టమ్మ తొట్టిలోంచి కిందకి దిగింది. మోకాళ్ల నొప్పులు కనక దిగడానికి కాస్త సేపు పట్టింది. వచ్చి మరిది ఎదురుగా నిలబడింది.

"మైలని పండగ మానుకున్నావు. బాగుంది. అన్నం మానుకున్నావేటి?"

"లేదు."

"ఏటి, మా సెడ్డ ఆకలేసి తింటన్నావా?"

వరహాలు కాసేపు ఆలోచించాడు. చాలాకాలం తరవాత ఆయన ఒక ప్రశ్నకి ఆలోచించడం అక్కడున్న వాళ్లంతా చూశారు.

"ఆకలెక్కడిది వదినా? నువ్వు పెడతన్నావు, తింటన్నాను."

"మరదే. దానికీ పెట్టు."

వరహాలు బండి వైపు చూశాడు. తరవాత తాళంచెవి తీసి దొరబాబు చేతిలో పెట్టాడు.

మిగిలిన ఆడవాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. చిట్టమ్మ షెడ్డులో తిరగేసిన డబ్బా మీద కూర్చుంది. దొరబాబు కింద బేసిను పెట్టి అడుగు బిరడా తీస్తే నూనె బొళబొళా కారింది. బిరడా కొసకి అయస్కాంతం ఉంటుంది. దానికి ఇనప రజను ఉడత తోకలా పట్టి ఉంది. "సూడు బావా, నీ పాట" అన్నాడు దొరబాబు. అని, తప్పు మాట అన్నానేమోనని నాలిక కరుచుకున్నాడు. వరహాలు ఆ రజను వేలితో తీసి, లుంగీకి తుడుచుకున్నాడు.

తరవాత గోనెసంచి పరుచుకుని తను కూడా బండి కిందకి దూరాడు. చాలాసేపు రాలేదు.

"ఏటి సూత్తన్నావు మరిదీ?"

"బొట్టు."

"ఉన్నాదా?"

"లేదు. తుప్పే ఉంది." బయటికి వచ్చి ఒళ్లు దులుపుకున్నాడు. బాధపడ్డాడేమోనని చిట్టమ్మ ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఏమీ కనిపించలేదు. నుదుటి మీద మాత్రం కొంచెం గ్రీజు అంటుకుని ఉంది.

బేరింగు మార్చి, కడిగి, కొత్త నూనె పోసేసరికి సాయంత్రమైంది. పని అయిపోయిన బండికి ఒక అగరొత్తి తిప్పడం దొరబాబుకి అలవాటు. వెలిగించాడు కూడా. చిట్టమ్మ లేచి వచ్చి దాన్ని చేతిలోంచి లాక్కుని నేలకి రాసి ఆర్పేసింది.

"ఒత్తి లేదు, నిమ్మకాయ లేదు, బొట్టు లేదు. ఉత్తి నూనే. మైల మైలే."

వరహాలు "ఊఁ" అన్నాడు. ఈసారి అది అవును అని చిట్టమ్మకి తెలిసింది.

మర్నాడు పొద్దున బండి ఘాట్ ఎక్కింది. నూనె తాగిన హౌసింగ్ ఏ చప్పుడూ లేకుండా తిరుగుతోంది. తొట్టిలో కూడా చప్పుడు లేదు. నెలల పాటు వినీ వినీ చెవులు ఆ కూతకి అలవాటు పడిపోయాయి. అది ఉండగా కబుర్లు చెప్పుకున్నవాళ్లు, అది పోయేసరికి ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్నారు. కింద ఎక్కడో ఓడ ఒకటి కూసింది.

వరహాలుకి ఆ నిశ్శబ్దం వినిపించింది. రోజూ వెనక నుంచి వచ్చే గోల ఏమైందా అని అద్దంలో చూశాడు. బుట్టలు ఒళ్లో పెట్టుకుని, చావింట్లో కూర్చున్నట్టు అందరూ తల దించుకుని ఉన్నారు. తన కోసమే అలా కూర్చున్నారని ఆయనకి అర్థమైంది. పాపం, మిరియాల చారు కూడా పోశారు. ఆయనకి పాడాలని లేదు. ఏడవాలనీ లేదు. కానీ వాళ్లు అలా కూర్చోవడం చూస్తే బాగాలేదు. నోరు మూసుకునే, ముక్కుతో, "ఊఁ..." అన్నాడు. సన్నగా, ఒకే కూత. కొండ దిగుతున్నా ఆపలేదు.

వెనక తలలు లేచాయి.

"సచ్చినాం, మళ్లీ మొదలెట్టినాది" అంది గౌరీశ్వరి గుసగుసగా. "దొరబాబు సరిగ్గా సెయ్యలేదు గావాల. బండి ఆపమను అత్తా."

సింధియా జంక్షన్లో పోర్టుకి ఇనుము మోసుకెళ్లే పొడవాటి ట్రైలర్ ఒకటి అడ్డంగా మలుపు తిరుగుతోంది. వరహాలు బండి ఆపి, ఇంజను కట్టేశాడు. కూత మాత్రం ఆగలేదు. ఆపాలని ఆయనకి గుర్తు రాలేదు.

"సూసినావా అత్తా, ఇంకా ఏడుత్తన్నాది!" అంది గౌరీశ్వరి.

"ఇంజను కట్టీసుంది గదే" అంది చిట్టమ్మ.

ట్రైలర్ తోక మలుపు దాటిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. వెనకనున్న లారీవాడు హారన్ కొట్టేదాకా, బండి కదల్చమని తొట్టిలో ఒక్కరూ అనలేదు.